ముందు నడచువాడే నడిపించగలడు

(పిల్లల శరీరశ్రమ – పెద్దల ధర్మము)



పరమాత్మ అనుగ్రహమువలన మనమందరము ఈ సాయంకాలము స్వామి సన్నిధిలో సమావేశమైనాము. నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము మోక్షస్వరూపమును గూర్చినది కాదు. కర్మ, భక్తి, జ్ఞాన మార్గముల తారతమ్యమును గూర్చినదియు కాదు. మన యిండ్లలో పెరుగుచున్న బిడ్డల కాళ్లను గూర్చినది. ఆ చిన్ని కాళ్లు దినమునకు ఎంతసేపు నేలపై పరుగిడుచున్నవి? ఎంతసేపు మంచముమీదనో, సోఫామీదనో ముడుచుకొని పడియుండుచున్నవి? ఇదియే నేటి ప్రశ్న.

దేవాలయములో ఈ ప్రశ్న ఏల అని కొందరికి తోచవచ్చును. ఇది వైద్యుడు చెప్పవలసిన మాట గదా, వ్యాయామోపాధ్యాయుడు చెప్పవలసిన మాట గదా అని అనిపించవచ్చును. ఈ ప్రశ్నకు దేవాలయమే తగిన చోటని మా విశ్వాసము. ఎందువలన అందుమో సావధానముగా ఆలకించండి.

మన పూజామందిరములలో బాలకృష్ణుని మూర్తి లేని యిల్లు అరుదు. ఆ మూర్తిని ఒకసారి నిదానముగా చూడండి. ఒక మోకాలు నేల మోపి, ఒక చేయి ముందుకు చాచి, వెన్నముద్ద పట్టుకొని పాకుచున్న బిడ్డ ఆయన. కాళీయుని పడగలమీద ఒక పాదమెత్తి నాట్యమాడుచున్న బాలుడు ఆయన. శిల్పి ఆయనను ఒక మూలను కూర్చుండబెట్టలేదు. కదలికయే ఆ దివ్యశైశవమునకు గుర్తు అని మన పూర్వులు ఎరుగుదురు. అటువంటి కృష్ణునకు ప్రతిదినము దీపము వెలిగించు ఇంటిలోనే, విగ్రహమువలె కదలక మెదలక కూర్చున్న బిడ్డను చూపి “మా వాడు చాల బుద్ధిమంతుడు, అల్లరి చేయడు” అని మురియుట నేడు కనిపించుచున్నది. విగ్రహములోని దేవుడు కదలుచున్నాడు; ఇంటిలోని బిడ్డ విగ్రహమైనాడు. ఈ విపరీతమును గూర్చి ఆస్తికులమైన మనము ఆలోచింపవలదా?

భాగవతము దశమస్కంధములో వ్రేపల్లె బాలుని దినచర్య ఎట్లున్నది? రోటికి కట్టినను ఆ రోటిని ఈడ్చుకొనిపోయి మద్దిచెట్లను కూల్చినాడు. కొంచెము పెద్దవాడు కాగానే లేగదూడలను తోలుకొని తోడి గోపబాలురతో అడవికి పోయినాడు. ప్రొద్దున చద్దిమూట కట్టుకొని బయలుదేరుట, పక్షుల నీడలవెంట పరుగిడుట, కప్పలతో కూడ గంతులిడుట, యమునాతీరమున కూర్చుండి చద్దులారగించుట, సాయంకాలము గోధూళితో ఇల్లు చేరుట – ఇది ఆయన బాల్యము. వేదములు ఎవనిని స్తుతించి అలసినవో, అట్టి పరమాత్మ బాల్యమును ధరించి వచ్చినప్పుడు దానిని ఇట్లు గడిపినాడు. ఇందు మనకు ఉపదేశము లేదా?

ఇక నేటి స్థితిని పరిశీలింతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020వ సంవత్సరమున ఒక మార్గదర్శినిని ప్రకటించినది. 5 మొదలు 17 సంవత్సరముల వయస్సుగల పిల్లలు దినమునకు సగటున కనీసము 60 నిమిషములు, ఊపిరి వేగమగునట్లు శరీరమును కదలించవలెను. వారములో కనీసము 3 దినములు ఎముకలకు, కండరములకు బలము చేకూర్చు పనులుండవలెను. అనగా గంతులు, ఎక్కుట, లాగుట, పరుగిడుట మొదలగునవి. 3, 4 సంవత్సరముల శిశువులకైతే, 2019లో అదే సంస్థ చెప్పినట్లు, దినము మొత్తముమీద 180 నిమిషముల కదలిక కావలెను. వారు తెరయెదుట కూర్చుండు కాలము ఒక గంటకు మించరాదు. సంవత్సరము నిండని పసికందులకు తెర అసలే వలదు.

ఆ 60 నిమిషములు ఎందరు పిల్లలకు లభించుచున్నవి? 146 దేశముల సమాచారమును క్రోడీకరించి 2019లో ప్రకటించిన ఒక పరిశీలన ప్రకారము, 2016 నాటికి 11 మొదలు 17 సంవత్సరముల వయస్సుగల వారిలో 81 శాతము మందికి అంత కదలిక లేదు. బాలురలో 78 శాతము, బాలికలలో 85 శాతము. ఇది ధనిక దేశముల ముచ్చట మాత్రమే కాదు. మన దేశమును అందులో చేరియున్నది. ఆ పిమ్మట 2020లో కరోనా మహమ్మారి వచ్చి పాఠశాలలు మూతపడినవి. పాఠములు సెల్‌ఫోనులోనికి వచ్చినవి. పాఠశాలలు తిరిగి తెరచినారు. కాని అనేక గృహములలో బిడ్డ చేతిలోని సెల్‌ఫోను తిరిగి పెద్దల చేతికి రాలేదు.

దీని ఫలితము ఊహింపరానిది కాదు. మనుష్యుని ఎముకల దారుఢ్యములో అధికభాగము కౌమారము ముగియులోపలనే సమకూరును. ఆ వయస్సులో గంతులు వేయని ఎముక పిమ్మట ఎంత పాలు త్రాగినను ఆ లోటును పూర్తిగా పూడ్చుకొనజాలదు. ఒకప్పుడు నడివయస్సువారి వ్యాధియని తలచిన మధుమేహము నేడు స్థూలకాయులైన పిల్లలలోను వైద్యులకు కనిపించుచున్నది. ఆరుబయట వెలుతురులో ఆడుకొను పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా వచ్చుచున్నదని నేత్రవైద్యులు చెప్పుచున్నారు. పగలు అలసిన బిడ్డకు రాత్రి గాఢనిద్ర పట్టును. అలయని బిడ్డ అర్ధరాత్రివరకు పొరలుచు, తెల్లవారి లేవలేక విసుగుకొనును. ఆ విసుగును పెద్దలు “మొండితనము” అని పిలుచుచున్నారు.

మహాకవి కాళిదాసు కుమారసంభవ కావ్యములో ఒక రమణీయ సన్నివేశమున్నది. తపస్సులో కృశించుచున్న పార్వతీదేవి ఎదుటకు శివుడు బ్రహ్మచారి వేషమున వచ్చి కుశలప్రశ్నలు వేయును. నీ శక్తికి తగినంతగానే తపస్సు చేయుచున్నావు గదా అని అడుగుచు, ధర్మసాధనములలో శరీరమే మొట్టమొదటిదని హెచ్చరించును. తపస్సునకు ఫలమైన దేవుడే వచ్చి తపస్వినిని శరీరమును గూర్చి అడిగినాడు! గీతాచార్యుడును ఆరవ అధ్యాయములో, ఆహారము, విహారము, నిద్ర, మెలకువ అన్నియు మితముగా, తగినట్లుగా ఉన్నవానికే యోగము దుఃఖమును పోగొట్టునని బోధించినాడు. ఆహారమును గూర్చి ప్రతి తల్లియు ఆలోచించుచున్నది. “నా బిడ్డ రెండు ముద్దలు తక్కువ తిన్నాడు” అని బాధపడుచున్నది. విహారమును గూర్చియు అంతే బాధపడవలెను గదా! “నేడు నా బిడ్డ ఆడలేదు” అని ఎంతమంది తల్లులు చింతించుచున్నారు?

ఇచ్చట పండితులు ఒక సందేహమును లేవదీయవచ్చును. వాగ్భటాచార్యుల అష్టాంగహృదయములో బాలురకు, వృద్ధులకు వ్యాయామము వలదని ఉన్నదే అని. ఉన్నది, నిజమే. అచ్చట చెప్పిన వ్యాయామము శరీరమును ఆయాసపెట్టు కఠినశ్రమ. దానిని బలవంతులును తమ బలములో సగముమేరకే చేయవలెనని ఆచార్యుడు నియమించినాడు. అది పిల్లల ఆటలను నిషేధించుట కాదని మా అవగాహన. ఆ వాక్యమునుండి మనము గ్రహింపవలసినది మరొకటి కలదు. పసివానిని మల్లునివలె తోమరాదు. బరువులెత్తించి, లెక్కపెట్టి, శిక్షణ పేరిట హింసింపరాదు. పిల్లవానికి ఆటయే వ్యాయామము.

అట్లయిన పిల్లలు ఆటకు ఏల దూరమైనారు? “నేటి పిల్లలు సోమరులు” అని తీర్పు చెప్పుట సులభము. కాని ఏ పసివాడును సోమరిగా పుట్టడు. నడక నేర్చిన బిడ్డను ఒక్కచోట నిలుపుట ఎంత కష్టమో ప్రతి తల్లికిని తెలియును. ఆ బిడ్డకు కూర్చుండుటను నేర్పినది పరిసరము. ప్రొద్దున బస్సు గుమ్మము ముందుకే వచ్చును. మేడ దిగుటకు లిఫ్టు ఉన్నది. పాఠశాలలో బల్ల, సాయంకాలము ట్యూషనులో బల్ల, రాత్రి ఇంటిలో బల్ల. ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము నిర్దేశించినది. అయినను నగరములలో మేడమీద మేడగా లేచిన పాఠశాలలను మనము చూచుచునే యున్నాము. వీధిలో వాహనముల రద్దీ. ఇక మిగిలినది ఏమి? అరచేతిలోని తెర. దానిలో క్రికెట్టు ఆడవచ్చును, చెమట పట్టదు. పరుగుపందెము గెలువవచ్చును, కాలు కదలదు.

ఈ కారణములలో మిక్కిలి బలమైనది తల్లిదండ్రుల భయమని మేము భావించుచున్నాము. పడునేమో, దెబ్బ తగులునేమో, ఎవరైన ఎత్తుకొనిపోవుదురేమో అను భయము. ఇది నిందింపదగినది కాదు, ప్రేమనుండి పుట్టినది. ఈ భయము నందయశోదలకు లేకపోయినదా? పూతన వచ్చినది, శకటాసురుడు వచ్చినాడు, తృణావర్తుడు బిడ్డను ఆకాశమునకే ఎత్తుకొనిపోయినాడు. మద్దిచెట్లు కూలినప్పుడు గోపవృద్ధులందరు సభచేరినారు. ఉపనందుడను వృద్ధుని సలహామేరకు గోకులమును విడిచి బృందావనమునకు తరలిపోయినారు. ఇందలి ధర్మసూక్ష్మమును గమనించండి. వారు బిడ్డను గదిలో పెట్టి తలుపు వేయలేదు. బిడ్డ ఆడుకొనుటకు మేలైన చోటును వెదకినారు. ప్రమాదమున్నప్పుడు మార్చవలసినది ఆటస్థలమును. మాన్పించవలసినది ఆటను కాదు.

రామాయణములో దశరథుని కథయు ఇట్టిదే. విశ్వామిత్ర మహర్షి వచ్చి యాగరక్షణకు రాముని పంపుమని కోరగా, పదునారేండ్లయినను నిండని బాలుడని ఆ తండ్రి తల్లడిల్లినాడు. సేనతో తానే వచ్చెదననినాడు. వసిష్ఠుడు నచ్చజెప్పిన పిమ్మటనే కుమారుని చేయి విడిచినాడు. ఆ ప్రయాణము ఎట్లు సాగినదో వాల్మీకి మహర్షి స్పష్టముగా చెప్పినాడు. విశ్వామిత్రుడు ముందు నడచినాడు. వెనుక రాముడు, ఆ వెనుక లక్ష్మణుడు. మహర్షి “పొండు, నడువుండు” అని ఆజ్ఞాపించి ఆసనముమీద కూర్చుండలేదు. తానే ముందు నడచినాడు. సరయూతీరమున బల, అతిబల అను విద్యలను ఆ నడకలోనే ఉపదేశించినాడు. దారిలో కనిపించిన ప్రతి నదికి, ప్రతి వనమునకు ఒక కథ చెప్పినాడు. కథలు వినుచు నడచిన బాలురకు దూరము తెలిసియుండదు.

మహాశయులారా! నేటి ప్రసంగసారమంతయు ఈ ఒక్క దృశ్యములో ఉన్నది. ముందు నడచువాడే నడిపించగలడు. తండ్రి చేతిలో సెల్‌ఫోను, తల్లి యెదుట టెలివిజను, నోట మాత్రము “పోయి ఆడుకోరా” అను ఆజ్ఞ – ఇది పనిచేయదు. పిల్లవాడు మన మాటను వినడు. మన కాళ్లను చూచును. కదలని బిడ్డను కదిలింపదలచిన ఇంటిలో మొట్టమొదట లేవవలసినవారు పెద్దలు.

ఆచరణలో చేయవలసిన వానిని ఇప్పుడు మనవి చేయుదుము.

మొదటిది, కొద్దికొద్దిగా ఆరంభింపవలెను. నెలల తరబడి కదలని బిడ్డను మొదటిదినమే గంటసేపు పరుగెత్తించినచో మరునాడు ఒళ్లు నొప్పులతో అసహ్యించుకొనును. మొదటి వారము దినమునకు 15 నిమిషములు చాలును. 60 నిమిషములు ఒకే విడతగా ఉండవలెనను నియమము లేదు. ప్రొద్దున కొంత, సాయంకాలము కొంత. పాఠశాలకు నడచుట, మెట్లెక్కుట, సైకిలు తొక్కుట అన్నియు లెక్కలోనివే. ఉబ్బసము, గుండెజబ్బు మొదలగునవి ఉన్న బిడ్డల విషయమున ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. మన ప్రాంతపు ఎండాకాలములో మిట్టమధ్యాహ్నము ఆటలు తగవు. తెల్లవారుఝామున, ప్రొద్దువాలిన తరువాత ఆడనిచ్చి, మంచినీరు సమృద్ధిగా ఇవ్వవలెను.

రెండవది, ఇంటి పనులలో పాలు పంచవలెను. తులసికోటకు నీరు తెచ్చుట, పూజకు పూలు కోసుకొనివచ్చుట, ముంగిలి చిమ్మి ముగ్గు పెట్టుట, అంగడికి పోయి సంచి మోసుకొని వచ్చుట – ఇవన్నియు శరీరమునకు పని, మనస్సునకు గౌరవము. “నీవు లేకపోతే ఈ పని జరుగదు” అన్న మాట పిల్లవానిని లేపినట్లు మరి ఏ బహుమతియు లేపజాలదు.

మూడవది, మన ఆటలను వారికి తిరిగి ఇవ్వవలెను. చెడుగుడు, కర్రాబిళ్ళ, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప, తాడాట – వీనికి ధనము అక్కరలేదు. పెద్ద మైదానమును అక్కరలేదు. వీనిని నేర్పగలవారు మన యిండ్లలోనే ఉన్నారు: తాతగారు, అమ్మమ్మగారు, నాయనమ్మగారు. మోకాళ్లనొప్పులవలన వారు ఆడలేకపోవచ్చును. అరుగుమీద కూర్చుండి తగవు తీర్చవచ్చును గదా! అపార్ట్‌మెంటులో నివసించువారు నలుగురు తల్లిదండ్రులు కలిసి వంతులవారీగా సాయంకాలము ఒక గంట పిల్లలకు కాపుండవచ్చును. అప్పుడు భయమును తగ్గును, స్నేహమును పెరుగును.

నాల్గవది మిక్కిలి ముఖ్యమైనది. శరీరశ్రమను ఎన్నడును శిక్షగా విధింపరాదు. గుంజీళ్ళనే చూడండి. వినాయకుని యెదుట చెవులు పట్టుకొని గుంజీళ్ళు తీయుట మనకు భక్తి. ఆ క్షణమున పిల్లలకు నవ్వు, మనకు ఆనందము. తరగతిలో తప్పు చేసినవానిచేత తీయించునవియు ఆ గుంజీళ్ళే. ఆ క్షణమున అవి అవమానము. క్రియ ఒక్కటే, భావము వేరు. “మార్కులు తగ్గినవి గనుక మైదానము చుట్టు పరుగెత్తు” అని శిక్షించిన బిడ్డ జన్మమంతయు పరుగును ద్వేషించును. స్వామియెదుట చేసినదానివలె చేయించినచో అదే పరుగును ప్రేమించును.

ఐదవది, అపహాస్యమును మానవలెను. స్థూలకాయుడైన బిడ్డను బండోడని, గుమ్మడికాయయని ముద్దుగానైనను పిలువరాదు. ఆ బిడ్డ ఆటకు రాకపోవుటకు కారణము తరచుగా సోమరితనము కాదు, సిగ్గు. పదిమంది నవ్వుదురను భయము. అటువంటి బిడ్డను పోటీలోనికి నెట్టక, మొదట తండ్రితోనో, అన్నతోనో, ఒక స్నేహితునితోనో ఏకాంతముగా నడువనివ్వవలెను. నిన్నటికంటె నేడు నాలుగడుగులు ఎక్కువ నడచినచో అదియే విజయము. ఎదురింటివానితో పోలిక వలదు.

ఆడపిల్లల విషయమున ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. పైన చెప్పిన లెక్కలో వారే మరింత వెనుకబడియుండుట కాకతాళీయము కాదు. పదిపన్నెండేండ్లు రాగానే “పెద్దదానవైతివి, గంతులేమిటి” అన్న మాట వారికి అడ్డుపడుచున్నది. బిడ్డలను కని పెంచవలసిన శరీరమునకే బలము వలదనుట ఏమి న్యాయము? శక్తిని స్త్రీరూపమున ఆరాధించు జాతి మనది. నవరాత్రులలో మహిషాసురమర్దినికి కుంకుమార్చన చేయుచు, ఇంటిలోని బాలికను మూలకు నెట్టరాదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తము 240 కిలోల బరువునెత్తి కాంస్యపతకము గెలిచినది. ఒలింపిక్స్‌లో పతకము పొందిన తొలి భారతీయ మహిళ మన తెలుగుబిడ్డయే.

అంగవైకల్యము, బుద్ధిమాంద్యము గల పిల్లలను ఈ ధర్మమునుండి మినహాయింపరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి సూచనలో ఆ పిల్లలకును దినమునకు 60 నిమిషములనే చెప్పినది. శక్తికి తగినట్లు మార్చుకొనవలెను, అంతియే. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమున పుట్టిన దీప్తి జీవాంజి బుద్ధివికాసములో లోపము కలిగియు, 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము సాధించినది. పతకము అందరికి రాదు, రానక్కరలేదు. బయటకు వచ్చి గాలి పీల్చి నలుగురితో కలిసి నవ్వు హక్కు మాత్రము ప్రతి బిడ్డకును ఉన్నది.

“ఆటలలో పడితే చదువు పోదా?” అని తండ్రులు అడుగుదురు. సమాధానము ఆంజనేయస్వామియే చెప్పినాడు. ఆయనకు వ్యాకరణము నేర్పిన గురువు సూర్యభగవానుడు. సూర్యుడు ఒక్కచోట నిలువడు. అందుచేత ఉదయాద్రినుండి అస్తాద్రివరకు గురుముఖమును చూచుచు, గురువుతోపాటు పయనించుచునే హనుమంతుడు చదువు ముగించినాడని ఉత్తరకాండ చెప్పుచున్నది. పిమ్మట కిష్కింధలో ఆయన పలికిన నాలుగు మాటలు విని, ఇంతసేపు మాటలాడియు ఒక్క అపశబ్దమైనను పలుకలేదని శ్రీరామచంద్రుడే మెచ్చినాడు. కదలినందువలన చదువు చెడలేదు. మన బిడ్డయు గంటసేపు ఆడి, ముఖము కడుగుకొని, దీపమువద్ద కూర్చున్నచో, మూడు గంటలు బలవంతముగా కూర్చున్నదానికంటె ఏకాగ్రతతో చదువును.

ఇక దేవాలయము చేయవలసిన పని. మన భక్తి కూర్చుండి చేయునది మాత్రమే కాదు. ప్రదక్షిణము నడక. సాష్టాంగనమస్కారము, సూర్యనమస్కారము సర్వావయవముల కదలిక. కోలాటము, చెక్కభజన, పండరిభజన పాదములతో చేయు సంకీర్తనము. బతుకమ్మ, గొబ్బి ఆడపిల్లలు చుట్టు తిరిగి ఆడు ఆరాధనలు. పెద్దలు పురాణము వినుచుండగా పిల్లలను చేతికి సెల్‌ఫోనిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుటకంటె, ఆ సమయమున ఆవరణలో వారికి కోలాటము నేర్పుట మేలు. రథోత్సవమున తాడుపట్టి లాగు భాగ్యమును వారికిని, పెద్దల కాపుదలలో, కల్పించవలెను.

సెలవులలో తీర్థయాత్రకు పోవువారు వాహనమును కొండక్రిందనే విడిచి కొంతయైన నడువవచ్చును. తిరుమలకు అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిలో సుమారు 2,388 మెట్లు ఉన్నవి. సింహాచలములో ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు ఆరంభమగు గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. అరుణాచల గిరిప్రదక్షిణ సుమారు 14 కిలోమీటర్లు. పసివారిని మొదటిసారియే ఇంత దూరము నడిపింపుమని మేము చెప్పుట లేదు. ఊరి గుట్టమీది ఆంజనేయస్వామి గుడితో మొదలుపెట్టి, ఏటేట పెంచుకొనుచు, ఒకనాటికి ఆ కొండ ఎక్కుదుమని బిడ్డకు ఆశ కల్పింపవలెను. తిరుమల కాలిబాటను గూర్చి ఒక హెచ్చరిక. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఒక బాలికను చిరుతపులి బలిగొన్న ఘోరము జరిగిన పిమ్మట, పిల్లలతో నడచువారికి వేళల నియమములు విధింపబడినవి. బయలుదేరుటకు ముందు ఆనాటి నియమములను తెలిసికొని, బిడ్డ చేయి విడువక, గుంపుతో కలిసి నడువవలెను. ఇదియు నందగోపుని ధర్మమే: జాగ్రత్త పడుట, కాని మానకుండుట.

చివరగా ఒక చిన్న దీక్షను ప్రతిపాదించుచున్నాము. మనకు మండలదీక్ష కొత్తది కాదు. నేటినుండి 41 దినములు, ప్రతి ఇంటిలోను, పెద్దలలో ఒకరైనను బిడ్డతోకూడ కదలవలెను. మొదటి వారము 15 నిమిషములు. రెండవ వారము 30 నిమిషములు. మూడవ వారము 45 నిమిషములు. నాల్గవ వారమునుండి 60 నిమిషములు. ఆ సమయమున పెద్దల సెల్‌ఫోనులు పూజామందిరము ప్రక్కనే ఉండవలెను. ఒకదినము తప్పినచో బిడ్డను తిట్టక, మరునాడు మరల ఆరంభింపవలెను. నడకలో రోజుకొక కథ చెప్పవలెను, విశ్వామిత్రుడు చెప్పినట్లు. దీక్ష ముగిసిననాడు బిడ్డను ఈ ఆలయమునకు తీసికొనివచ్చి, స్వామికి తన కాళ్లతో ప్రదక్షిణము చేయింపండి. అంతకు మించిన నైవేద్యము లేదు.

ఈ శరీరము భగవంతుడు మనకిచ్చిన తొలి ఆలయము. గర్భగుడిలో దీపము కొండెక్కిపోవుచుండగా చూచి ఊరకుండు భక్తుడు లేడు. మన యిండ్లలో చిన్నిచిన్ని ఆలయములు మసకబారుచున్నవి. ఒత్తిని ఎగద్రోయవలసిన చేయి మనదే. మనము లేచినచో వారు లేతురు. మనము నడచినచో వారు నడతురు. రోటిని ఈడ్చిన ఆ బాలకృష్ణుడు మన బిడ్డల పాదములకు పరుగును, మన మోకాళ్లకు సత్తువను, మన మనస్సులకు ధైర్యమును ప్రసాదించుగాక!

శ్రీకృష్ణార్పణమస్తు.

స్వస్తి.